విటమిన్ డి తక్కువుందని రిపోర్ట్ వచ్చిందా: టెస్ట్ దగ్గర్నుంచి డోస్ దాకా స్టెప్ బై స్టెప్

మా అమ్మ రిపోర్ట్‌లో విటమిన్ డి ఎదురుగా 11 అని ఉంది, పక్కనే ఎర్రగా కిందికి చూపించే బాణం. ఆ బాణం చూసి ఇంట్లో అందరం కంగారుపడ్డాం, నెట్‌లో వెతికితే జుట్టు రాలడం నుంచి గుండెపోటు దాకా అన్నిటికీ ఇదే కారణం అన్నట్టు రాసుంది. డాక్టర్‌గారు వారానికి ఒకటి చొప్పున 60,000 ఐయూ (విటమిన్ డోస్ కొలిచే యూనిట్) క్యాప్సూల్ ఎనిమిది వారాలు రాశారు, అమ్మేమో దాన్ని బీపీ మాత్రల డబ్బాలోనే పెట్టుకుని రోజుకొకటి వేసేసుకుంది. ఆరో రోజు పొద్దున నేను స్ట్రిప్ తిప్పి చూస్తే అయిదు గుంటలు ఖాళీ. "ఏంటమ్మా ఇది, అయిదు అయిపోయాయి?" అంటే "రాసినవేగా వేసుకుంటున్నా" అంది, ఆవిడ లెక్క ఆవిడది. వెంటనే ఫోన్ చేశాం, ఆపేయమన్నారు, కాల్షియం చూపించమన్నారు, నార్మలే వచ్చింది, బతికిపోయాం.

అప్పట్నుంచి దీని గురించి చదవడం మొదలుపెట్టా. నేను డాక్టర్‌ని కాను, మందు రాయడం నా పని కాదు. కానీ రిపోర్ట్ చేతిలో పట్టుకుని ఏం అర్థం కాక కూర్చున్న మనిషికి వరసగా ఏం చూసుకోవాలో చెప్పగలను. నాకు బుర్రకెక్కిన విషయం ఏంటంటే, ఆ నంబరు ట్యాంకులో నీళ్ల మట్టం లాంటిది. మట్టం బాగా పడిపోతే నింపుకోవాలి, కొంచెం తగ్గితే కొంచెం పోసుకోవాలి, అంతేగానీ ఇంట్లో ఏ కుళాయి పాడైనా ట్యాంకునే తిట్టకూడదు.

స్టెప్ 1: అసలు టెస్ట్ మీకు కావాలా?

ఇది చాలామంది దాటేసే స్టెప్. ఒంట్లో ఏ ఇబ్బందీ లేని పెద్దవాళ్లకి ఊరికే విటమిన్ డి టెస్ట్ చేయించొద్దనే ఎండోక్రైన్ సొసైటీ అనే హార్మోన్ల నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన గైడ్‌లైన్ చెప్తోంది. కారణం సింపుల్, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఏ నంబరు దగ్గర ఏ జబ్బు తప్పుతుందో చెప్పే గట్టి ఆధారాలు లేవు, మరి నంబరు చూసుకుని ఏం చేస్తారు? కంగారు తప్ప. ఫుల్ బాడీ ప్యాకేజీల్లో ఇది కూడా కలిపి అమ్ముతారు కాబట్టి మనకి తెలీకుండానే చేయించేసుకుంటాం, అది వేరే సంగతి.

కచ్చితంగా అడగాల్సిన వాళ్లున్నారు. చిన్న దెబ్బకే ఎముక విరిగినవాళ్లు, ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారడం) ఉన్నవాళ్లు, సీలియాక్, క్రోన్స్ లాంటి పేగుల జబ్బులతో తిన్నది సరిగ్గా ఒంటికి పట్టనివాళ్లు, బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, కిడ్నీ లేదా లివర్ జబ్బు పాతుకుపోయినవాళ్లు, ఫెనిటోయిన్, కార్బమజెపిన్, ఫీనోబార్బిటాల్ లాంటి మూర్ఛ మందులు ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు, రక్తంలో కాల్షియం తేడా వచ్చినవాళ్లు. ఇంకోటి, ఎముకల బలానికి జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ లాంటి ఇంజెక్షన్ వేయబోయే ముందు డి చూసి సరిచేసుకోవాలి, లేకపోతే కాల్షియం ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది.

ఒంటి మీద కనిపించే గుర్తులు కూడా ఉన్నాయి. బాగా లోపం ముదిరితే పెద్దవాళ్లలో ఆస్టియోమలేషియా వస్తుంది, అంటే ఎముక మెత్తబడటం. అప్పుడు తొడలు, భుజాల దగ్గర కండరాలు ముందు బలహీనపడతాయి. మా అమ్మ కింద కూర్చుంటే రెండు చేతులు మోకాళ్ల మీద ఆనించి తోసుకుంటూ లేచేది, మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని ఒంటిని పైకి లాక్కునేది, మేమేమో వయసు అనుకున్నాం. మోకాలి కింద ముందువైపు ఎముకని బొటనవేలితో గట్టిగా నొక్కితే "అబ్బా" అంది. ఇలాంటివి ఉంటే టెస్ట్ వేస్ట్ కాదు. ఊరికే నీరసం, ఊరికే జుట్టు రాలడం మాత్రమే ఉంటే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, నిద్ర, ఇవి చూసుకోండి.

స్టెప్ 2: సరైన టెస్టే రాయించుకోండి

ఇక్కడ పేరుతో పెద్ద తికమక. విటమిన్ డి ఒంట్లో మూడు రూపాల్లో తిరుగుతుంది. ఎండలో ఉండే యూవీబీ కిరణాలు చర్మంలో ఉండే 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ అనే పదార్థానికి తగిలి డి3 తయారవుతుంది, తిండి నుంచో మాత్ర నుంచో వచ్చింది కూడా దీంట్లోనే కలుస్తుంది. ఇది లివర్‌కి వెళ్లి 25-హైడ్రాక్సీ విటమిన్ డి అవుతుంది, స్టాక్‌ రూపం ఇదే, దీని సగం తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అవసరమైనప్పుడు కిడ్నీ దీంట్లోంచి కొంచెం తీసుకుని 1,25-డైహైడ్రాక్సీ రూపంలోకి మారుస్తుంది, దాన్నే కాల్సిట్రయాల్ అంటారు, అసలు పని చేసే హార్మోన్ అది, కొన్ని గంటల్లోనే కరిగిపోతుంది.

మీకు కావాల్సింది 25-హైడ్రాక్సీ టెస్ట్. "పని చేసేది 1,25 కదా, అదే చేయిద్దాం" అని అతితెలివికి పోతే బోల్తా పడతారు, ఎందుకంటే డి తగ్గగానే మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు పీటీహెచ్ అనే హార్మోన్‌ని పెంచేస్తాయి, అది కిడ్నీని తొందరపెట్టి ఉన్న కొంచెం స్టాక్‌నీ 1,25గా మార్పించేస్తుంది, దాంతో నిజంగా లోపం ఉన్న మనిషికి కూడా ఈ రెండో టెస్ట్ నార్మల్‌గానో, ఒక్కోసారి ఎక్కువగానో కనిపిస్తుంది. కిడ్నీ జబ్బు, కాల్షియం ఎక్కువ ఉండటం లాంటి కొన్ని కేసుల్లోనే దాని అవసరం.

టెస్ట్‌కి పరగడుపున వెళ్లక్కర్లేదు. ఒక జాగ్రత్త మాత్రం చాలామందికి తెలీదు: జుట్టు కోసం, గోళ్ల కోసం పెద్ద డోస్ బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే కొన్ని మెషీన్లలో విటమిన్ డి లేనిది ఉన్నట్టు ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి ల్యాబ్‌లో ముందే చెప్పి రెండు మూడు రోజులు ఆపి వెళ్లండి. అలాగే గట్టి జ్వరంలోనో, ఆపరేషన్ అయిన వెంటనో తీస్తే నంబరు మామూలు కన్నా తక్కువ వస్తుంది, ఒంట్లో వాపు ఉన్నప్పుడు అది పడిపోతుంది.

లోపం బాగా ఉందని అనుమానం ఉంటే డాక్టర్‌గారు దీంతో పాటు కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పీటీహెచ్, క్రియాటినిన్ కూడా రాస్తారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పీటీహెచ్ రెండూ పెరిగి ఉంటే ఎముక నిజంగా ఇబ్బంది పడుతోందని అర్థం, ఒట్టి డి నంబరు కన్నా ఇది ఎక్కువ కథ చెప్తుంది.

స్టెప్ 3: యూనిట్ చూడండి, నంబరు తర్వాత

రిపోర్ట్ తీసి నంబరు పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. మిల్లీలీటర్‌కి నానోగ్రాములా, లీటర్‌కి నానోమోల్సా? రెండోదాన్ని రెండున్నరతో భాగిస్తే మొదటిది వస్తుంది. విదేశంలో ఉన్న ఫ్రెండ్ ఒకడు "నాకు 52 వచ్చిందిరా, నేను సూపర్" అని మెసేజ్ పెట్టాడు, వాడిది నానోమోల్స్ లెక్క, మన లెక్కలో 21 కూడా లేదు. నేను ఈ పోస్ట్ అంతా నానోగ్రాముల్లోనే చెప్తా.

మాత్రల దగ్గర కూడా ఇదే గొడవ. కొన్ని డబ్బాల మీద మైక్రోగ్రాములు ఉంటుంది, కొన్నిటి మీద ఐయూ. 1 మైక్రోగ్రాము అంటే 40 ఐయూ, అంటే 25 మైక్రోగ్రాములు 1000 ఐయూ. "25యేగా, చాలా తక్కువ" అనుకుని నాలుగు వేసుకునే మనుషులున్నారు.

స్టెప్ 4: నంబరుకి అర్థం

ఇక్కడ నిపుణులకే ఏకాభిప్రాయం లేదు, అందుకే ఒక ల్యాబ్ 24ని తక్కువ అంటుంది, ఇంకో ల్యాబ్ బాగానే ఉంది అంటుంది. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లో చెప్పిన దాని ప్రకారం 20 ఉంటే దాదాపు అందరికీ, అంటే నూటికి 97 మందికి పైగా, ఎముకల అవసరానికి సరిపోతుంది. అదే ఏడాది ఎండోక్రైన్ సొసైటీ 20 కన్నా తక్కువైతే లోపం, 30 దాకా చాలనట్టే అంది. ఆ 30 అనే గీత ప్రపంచమంతా ల్యాబ్ రిపోర్టుల్లోకి ఎక్కేసింది. తర్వాత 2024లో అదే సొసైటీ ఆ గీతని సమర్థించట్లేదని వెనక్కి తీసుకుంది, కానీ రిపోర్ట్ ఫార్మాట్లు ఊరికే మారవుగా, బాణాలు ఇంకా ఎర్రగానే వస్తున్నాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. 20 అనేది దాదాపు అందరినీ కవర్ చెయ్యడానికి పెట్టిన గీత. సగటు మనిషి అవసరం 16 దగ్గరే తీరిపోతుంది. అంటే 18 వచ్చిన ప్రతి మనిషికీ లోపం ఉన్నట్టు కాదు, చాలామందికి అది చాలు కూడా. "జనాభాలో ఇంతమందికి లోపం" అని వచ్చే భయంకరమైన లెక్కలు చాలావరకు ఈ గీతని ఎక్కడ గీశారన్న దాని మీదే ఆధారపడి ఉంటాయి.

నేను చదువుకునే పద్ధతి ఇది. 12 కన్నా కింద ఉంటే నిజమైన లోపం, ట్రీట్ చేయించుకోవాల్సిందే. 12 నుంచి 20 మధ్య అయితే రోజువారీ చిన్న డోస్ మొదలుపెట్టడం తెలివైన పని, ఎముకల సమస్యో పైన చెప్పిన జబ్బులో ఉంటే డాక్టర్ కోర్సు రాస్తారు. 20 నుంచి 50 మధ్య ఉంటే హాయిగా నిద్రపోండి. 50 దాటాక పెంచుకోవడం వల్ల అదనంగా ఒరిగేదేం లేదు. 100 దాటితే ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి, 150 దాటితే విషం కిందే లెక్క. 22, 24 మధ్య తేడాకి సంబరమూ వద్దు ఏడుపూ వద్దు, ల్యాబ్ మారితేనే అంత తేడా వస్తుంది, చలికాలం ఎండాకాలం తేడా ఇంకా ఎక్కువ.

స్టెప్ 5: దేనికి నిజంగా సంబంధం ఉంది, దేనికి ప్రచారం ఎక్కువ

ముందు ఎముకలు, ఇక్కడ డౌటే లేదు. పేగుల్లోంచి కాల్షియం, ఫాస్ఫరస్ రక్తంలోకి లాగాలంటే డి ఉండాలి. లేకపోతే ఒళ్లు ఏం చేస్తుందంటే, గుండె కొట్టుకోవడానికీ కండరం కదలడానికీ రక్తంలో కాల్షియం తగ్గకూడదు కాబట్టి పీటీహెచ్ ద్వారా ఎముకల్లోంచి తవ్వి తీసుకుంటుంది, ఇంట్లో బంగారం కుదువపెట్టి నెల గడిపినట్టు. పిల్లల్లో అయితే ఎదిగే ఎముక గట్టిపడక కాళ్లు వంకరపోతాయి, రికెట్స్ అంటే అదే.

దీని వెనక చరిత్ర భలే ఉంటుంది. 1919లో ఎడ్వర్డ్ మెలన్‌బీ అనే ఆయన కుక్కపిల్లల్ని ఎండ తగలకుండా లోపలే పెంచి రికెట్స్ తెప్పించి, కాడ్ చేప లివర్ నూనెతో తగ్గించి చూపించాడు. అదే ఏడాది బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అనే పిల్లల డాక్టర్ రికెట్స్ ఉన్న పిల్లలకి అల్ట్రావయొలెట్ దీపం పెట్టి నయం చేశాడు. ఒక చేతికి మాత్రమే వెలుతురు తగిలేలా చేస్తే రెండో చేతి ఎముక కూడా బాగుపడింది, అంటే చర్మంలో ఏదో తయారై రక్తంలో ఒళ్లంతా తిరుగుతోందన్నమాట. 1922లో మెకొలమ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆ నూనెని వేడిచేసి గాలి పోనిచ్చి, అందులో విటమిన్ ఎ నాశనమయ్యాక కూడా రికెట్స్ తగ్గుతోందని చూపించాడు, అప్పటికే ఎ, బి, సి అయిపోయాయి కాబట్టి దీనికి డి అని పేరొచ్చింది. ఒంట్లోనే తయారయ్యే దీన్ని విటమిన్ అనడమే సగం తప్పు, హార్మోన్ అని ముందే అనుంటే ఇంత విచ్చలవిడిగా మింగేవాళ్లం కాదేమో.

కండరాలు కూడా అంతే, లోపం బాగా ఉన్నవాళ్లకి సరిచేస్తే బలం తిరిగొస్తుంది. మా అమ్మ విషయంలో నేను కళ్లారా చూశా.

ఇక మిగతావి. గుండెజబ్బులు, కాన్సర్, షుగర్, డిప్రెషన్ ఉన్నవాళ్లలో డి తక్కువ ఉంటుందన్నది నిజమే, చాలా సర్వేల్లో కనబడింది. కానీ జబ్బుతో ఉన్న మనిషి బయట తిరగడు, ఎండ తగలదు, లావుగా ఉంటే డి కొవ్వులోకి చేరి రక్తంలో తక్కువ కనిపిస్తుంది, ఒంట్లో వాపు ఉంటే నంబరు పడిపోతుంది. అంటే జబ్బు వల్ల డి తగ్గిందా, డి తగ్గి జబ్బొచ్చిందా? తేల్చాలంటే సగం మందికి మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఏళ్ల తరబడి చూడాలి.

చూశారు కూడా. వైటల్ అని అమెరికాలో 25,871 మంది మీద రోజుకి 2000 ఐయూ ఇచ్చి సగటున ఐదేళ్లకి పైగా గమనించారు. కాన్సర్ రావడం తగ్గలేదు, గుండెపోటు, పక్షవాతం తగ్గలేదు, అదే ట్రయల్‌లో డిప్రెషన్ కూడా తగ్గలేదు, 2022లో ఎముక విరుగుళ్ల లెక్క వస్తే అదీ తగ్గలేదు. ఒక్కటి మాత్రం ఆశగా కనిపించింది, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, సోరియాసిస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసేవి) 22 శాతం తక్కువ వచ్చాయి. ఇక్కడ ఒక మెలిక గుర్తుంచుకోవాలి, ఆ ట్రయల్‌లో చేరినవాళ్ల సగటు డి మొదట్నుంచే 30 పైన ఉంది. నిండుగా ఉన్న ట్యాంకులో నీళ్లు పోస్తే ఏం తేడా తెలుస్తుంది? కాబట్టి "డి దండగ" అని దీన్నుంచి తేల్చెయ్యడం తప్పు, "సరిపడా ఉన్నాక ఇంకా పోస్తే లాభం లేదు" అన్నంత వరకు కరెక్ట్.

షుగర్ విషయానికొస్తే, 2019లో ప్రీడయాబెటిస్ (షుగర్ వచ్చే అంచున ఉండటం) ఉన్న 2,423 మందికి రోజూ 4000 ఐయూ ఇస్తే షుగర్‌గా మారడం 12 శాతం తక్కువ కనిపించింది గానీ అది యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పేంత తేడా కాదు. తర్వాత అలాంటి ట్రయల్స్ కలిపి చూశాక 2024 గైడ్‌లైన్‌లో ప్రీడయాబెటిస్ ఉండి, షుగర్‌గా మారే రిస్క్ బాగా ఎక్కువున్నవాళ్లకి డి వాడొచ్చు అన్నారు, తిండి, వ్యాయామం మానేసి కాదు. జలుబు, దగ్గు విషయంలో 2017లో వచ్చిన విశ్లేషణలో రోజూ లేదా వారానికి చిన్న డోస్ తీసుకున్నవాళ్లకి కొంచెం మేలు కనిపించింది, ముఖ్యంగా బాగా లోపం ఉన్నవాళ్లకి, ఆ తర్వాత కొత్త ట్రయల్స్ కలిసేకొద్దీ ఆ మేలు కరిగిపోతూ వచ్చింది.

స్టెప్ 6: ఎండ లెక్క

యూవీబీ అన్నివేళలా భూమి దాకా రాదు. సూర్యుడు పైకి ఉన్నప్పుడే వస్తుంది. దీనికి వాచీ అక్కర్లేదు, ఎండలో నిలబడి మీ నీడ చూసుకోండి, నీడ మీకన్నా పొట్టిగా ఉంటే డి తయారవుతుంది, మీకన్నా పొడుగ్గా సాగి ఉంటే పెద్దగా లేదు. ఉదయం ఏడింటికి లేత ఎండలో గంటసేపు నిలబడి "రోజూ డి తీసుకుంటున్నా" అనుకునేవాళ్లకి ఇది చేదు నిజం, నడక మాత్రం మంచిదే, మానకండి. భూమధ్యరేఖకి దూరంగా ఉన్న చోట్ల చలికాలంలో మధ్యాహ్నం కూడా రాదు, 42 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న బోస్టన్‌లో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చర్మంలో డి తయారవ్వదని 1988లోనే తేల్చారు.

కిటికీ అద్దం వెనక, కారులో కూర్చుంటే లాభం లేదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. ముఖం, చేతులు మాత్రమే తగిలితే తక్కువ తయారవుతుంది, మోచేతుల పైదాకా, కాళ్లు కూడా తగిలితే ఎక్కువ. నల్లటి చర్మంలో మెలనిన్ గొడుగులా పనిచేస్తుంది కాబట్టి ఎక్కువసేపు కావాలి, వయసు పెరిగేకొద్దీ చర్మంలో ముడిసరుకే తగ్గిపోతుంది. ఎన్ని నిమిషాలు అంటే ఒక్క నంబరు అందరికీ చెప్పలేం, మీ చర్మం కందడానికి పట్టే టైమ్‌లో సగం కన్నా తక్కువ, వారానికి రెండు మూడు సార్లు చాలు. ఎక్కువసేపు మాడిపోయినా ఎక్కువ డి రాదు, ఒక స్థాయి దాటాక అదే ఎండ తయారైనదాన్ని పనికిరాని పదార్థాలుగా విరగ్గొట్టేస్తుంది, అందుకే ఎండ వల్ల విటమిన్ డి విషం కాదు. చర్మం మాత్రం పాడవుతుంది, చర్మ కాన్సర్ రిస్క్ ఉన్నవాళ్లు డి కోసం ఎండలో నిలబడే బదులు మాత్ర వేసుకోవడమే మేలు.

స్టెప్ 7: తిండి

త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే తిండిలో పెద్దగా దొరకదు. సాల్మన్, మాకెరెల్, సార్డిన్ లాంటి కొవ్వున్న చేపల్లో మాత్రమే చెప్పుకోదగ్గంత ఉంటుంది. కాడ్ లివర్ నూనె టేబుల్ స్పూన్‌లో 1300 ఐయూ పైన ఉంటుంది కానీ విటమిన్ ఎ కూడా బోలెడు ఉంటుంది, గర్భిణులు జోలికి వెళ్లొద్దు. గుడ్డు పచ్చసొనలో 40 ఐయూ చుట్టుపక్కల. పుట్టగొడుగులకి అల్ట్రావయొలెట్ వెలుతురు తగిలితే డి2 వస్తుంది. పాలల్లో సహజంగా దాదాపు ఉండదు, ప్యాకెట్ మీద డి కలిపినట్టు రాసుంటేనే లెక్క. తల్లిపాలల్లో కూడా చాలదు, అందుకే పాలు తాగే పసిపిల్లలకి రోజుకి 400 ఐయూ చుక్కలు ఇమ్మంటారు.

ఆ చుక్కల దగ్గర ఒక్క మాట. కొన్ని సీసాల్లో ఒక్క చుక్కలోనే 400 ఐయూ, కొన్నిట్లో ఒక మిల్లీలీటర్‌లో 400. బ్రాండ్ మారినప్పుడు పాత అలవాటుతో డ్రాపర్ నిండా పోసేస్తే ఎన్నో రెట్లు ఎక్కువైపోతుంది, 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇదే విషయం మీద హెచ్చరిక ఇచ్చింది. సీసాతో వచ్చిన డ్రాపరే వాడండి, ప్రతిసారీ లేబుల్ చదవండి.

స్టెప్ 8: మాత్ర, డోస్

రోజువారీ అవసరం 1 నుంచి 70 ఏళ్ల వాళ్లకి 600 ఐయూ, 70 దాటితే 800 అని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ లెక్క. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా పెద్దవాళ్లు రోజుకి 4000 దాటకూడదు. నంబరు 12 నుంచి 20 మధ్య ఉండి వేరే జబ్బులేం లేకపోతే రోజుకి 1000 చుట్టుపక్కల వేసుకుంటే చాలామందికి మూడు నెలల్లో సరిపోతుంది. మోటు లెక్క ఏంటంటే రోజుకి 100 ఐయూకి సుమారు ఒక పాయింట్ వరకు పెరుగుతుంది, బాగా కింద ఉన్నవాళ్లకి త్వరగా, పైన ఉన్నవాళ్లకి నెమ్మదిగా.

బాగా తక్కువ ఉంటే వారానికి 50,000 లేదా 60,000 చొప్పున ఎనిమిది వారాలు, ఆ తర్వాత చిన్న డోస్ రాస్తారు. మా ఇంట్లో జరిగింది మీ ఇంట్లో జరగకూడదంటే, ఆ స్ట్రిప్‌ని రోజువారీ మందుల డబ్బాలో పెట్టనే పెట్టకండి. మేం చేసిందేంటంటే, స్ట్రిప్‌ని క్యాలెండర్ వెనక పిన్ చేసి, ప్రతి ఆదివారం గడిలో ఎర్ర పెన్నుతో "డి" అని రాశాం, వేసుకున్నాక అమ్మే దాన్ని కొట్టేస్తుంది. ఎనిమిది గడులు కొట్టేశాక అయిపోయినట్టే, ఇంకో స్ట్రిప్ తెచ్చుకోవడాల్లేవు. "బాగుందిగా, కంటిన్యూ చేద్దాం" అని ఏళ్ల తరబడి వారానికి 60,000 వాడేవాళ్లు ఉన్నారు, అది రోజుకి 8,500 పైన పడుతుంది, పరిమితికి రెట్టింపు దాటినట్టే.

పెద్ద డోస్ ఒకేసారి పడేస్తే పని తేలికవుతుందనుకోకండి. 2010లో ఆస్ట్రేలియాలో 70 దాటిన 2,256 మంది ఆడవాళ్ల మీద ఏడాదికోసారి 5 లక్షల ఐయూ ఇచ్చి చూస్తే, ఎముకలు కాపాడదామని ఇచ్చిన మందుకి కింద పడటాలు 15 శాతం, ఎముక విరగడాలు 26 శాతం పెరిగాయి. 2019లో కెనడాలోని కాల్గరీలో మూడేళ్లు రోజుకి 10,000 వేసుకున్నవాళ్ల ముంజేతి ఎముక సాంద్రత 400 వేసుకున్నవాళ్ల కన్నా తగ్గింది. చిన్న డోస్ రోజూ, ఇదే నా ఓటు.

డి2, డి3ల్లో డి3 తీసుకోండి, నంబరు ఎక్కువ పెరుగుతుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఇది కొవ్వులో కరిగేది కాబట్టి కాస్త నూనో నెయ్యో ఉన్న భోజనంతో వేసుకోండి, ఖాళీ కడుపున బ్లాక్ కాఫీతో వేసుకుంటే అంత బాగా ఒంటికి పట్టదు. సప్లిమెంట్లలో లేబుల్ మీద రాసిందే లోపల ఉంటుందన్న గ్యారంటీ లేదు, 2013లో అమెరికాలో కొన్ని మాత్రలు పరీక్షిస్తే రాసిన దాంట్లో 9 శాతం నుంచి 146 శాతం దాకా దొరికింది, వీలైతే మందుగా లైసెన్స్ ఉన్నదే కొనండి. లావుగా ఉన్నవాళ్లకి రెండు మూడు రెట్లు డోస్ పడుతుంది, మూర్ఛ మందులు, రిఫాంపిసిన్ అనే టీబీ మందు వాడేవాళ్లకి కూడా ఎక్కువే కావాలి, ఈ లెక్క మీరు వెయ్యకండి, డాక్టర్‌ని వెయ్యనివ్వండి. కాల్షియం తిండిలోంచి సరిపడా అందకపోతే డి ఒక్కటే పోసి లాభం లేదన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

స్టెప్ 9: వీళ్లు సొంతంగా మొదలుపెట్టొద్దు

సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి చోట్ల వాపు గడ్డలు కట్టే జబ్బు), టీబీ, కొన్ని లింఫోమాల్లో (లింఫు గ్రంథుల కాన్సర్లు) ఒంట్లోని రోగనిరోధక కణాలే కిడ్నీ అదుపు లేకుండా డిని పనిచేసే రూపంలోకి మార్చేస్తాయి, అలాంటివాళ్లకి మామూలు డోస్‌తోనే కాల్షియం పెరిగిపోవచ్చు. పారాథైరాయిడ్ గ్రంథి జబ్బు ఉన్నవాళ్లు, కిడ్నీలో రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు, కిడ్నీ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు (వీళ్లకి కొన్నిసార్లు కాల్సిట్రయాలే నేరుగా ఇస్తారు), థయాజైడ్ రకం బీపీ మాత్రలు, గుండెకి డైగాక్సిన్ వాడేవాళ్లు ముందు అడిగి తీరాలి.

ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? దాహం ఆగదు, ఊరికే ఊరికే మూత్రం, మలబద్ధకం, వికారం, ఆకలి చచ్చిపోవడం, తర్వాత మతిమరుపు, తికమక. ఇదంతా కాల్షియం పెరగడం వల్ల. డి వాడుతున్న పెద్దాయన ఇంట్లో ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడుతుంటే "వయసు" అనకుండా మాత్రలన్నీ సంచిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొవ్వులో దాగి ఉంటుంది కాబట్టి మాత్ర ఆపినా తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

స్టెప్ 10: మళ్లీ టెస్ట్ ఎప్పుడు

కోర్సు మొదలుపెట్టిన మూడు నెలల తర్వాత. నెలకే చేయిస్తే నంబరు ఇంకా ఎక్కుతూనే ఉంటుంది, అర్థంపర్థం లేని రీడింగ్ వస్తుంది, డబ్బులు దండగ. వీలైతే అదే ల్యాబ్‌లో చేయించండి. మూడు నెలలు సరిగ్గా వేసుకున్నా కదల్లేదంటే ముందు నిజంగా వేసుకున్నారా, భోజనంతో వేసుకున్నారా చూడండి, ఆ తర్వాత సీలియాక్ లాంటి పేగుల సమస్య ఉందేమో అడగండి, డోస్ మాత్రం మీ అంతట మీరు రెట్టింపు చెయ్యకండి. సరిపోయిందంటే చిన్న డోస్ కొనసాగించడమే, ఒంట్లో వేరే సమస్యలేం లేకపోతే ఊరికే ప్రతి ఆర్నెల్లకీ టెస్ట్ అక్కర్లేదు.

అమ్మకి మూడు నెలలకి 34 వచ్చింది. ఇప్పుడు రోజుకి 800 ఐయూ, మధ్యాహ్నం భోజనంతో, ఈసారి బీపీ డబ్బాలోనే పెట్టొచ్చు. కింద కూర్చుంటే ఒక చెయ్యి ఆనిస్తే చాలు లేచేస్తోంది, ఆదివారం గడిలో మాత్రం పెన్నుతో గీత పెట్టే అలవాటు ఇంకా పోలేదు.